వేగపు కారునకు టైర్ల నెన్నుకొనుట

మోటారు బండ్లను గూర్చి మాటలాడునపుడు మన బాలురు మొట్టమొదట నడుగు ప్రశ్న "దాని యింజను బలమెంత?" అనునది. రెండవది "గంటకెన్ని కిలోమీటర్లు పోవును?" అనునది. పిమ్మట రంగును గూర్చియు, దీపములను గూర్చియు నడుగుదురు. టైర్లను గూర్చి తనంతట తానడిగిన బాలుని నేనింతవఱకు చూచియుండలేదు. కాని యింజను ఎంత బలము గలదైనను, బ్రేకులెంత మేలైనవైనను, ఆ బలమంతయు నేలకు చేరవలసినది టైరు మూలముననే గదా! బండికిని బాటకును నడుమ నున్న వస్తువు అదియొక్కటియే.

ఆ నడుమ నున్నదెంతయో యొక చిన్న లెక్కవలన దెలిసికొనవచ్చును. ఒక చిన్న కారు, అందలి మనుష్యులతో గూడ, 1,100 కిలోలు తూగుననుకొందము. ఒక్కొక్క చక్రముపై బడు బరువు 275 కిలోలు, అనగా సుమారు 606 పౌండ్లు. టైరులోని గాలి చదరపు అంగుళమునకు 32 పౌండ్ల యొత్తిడి గలదైనచో, ఆ బరువును మోయుటకు సుమారు 19 చదరపు అంగుళముల చోటు నేలకు తాకవలెను. అది పెద్దవాని యఱచేయి వ్రేళ్లతో గూడ చాచి నేలపై నుంచినంత మాత్రమే. బండి యెంత పెద్దదిగా గనబడినను, అది నాలుగు అఱచేతులపై పరుగెత్తుచున్నదని విద్యార్థులు గుఱుతుంచుకొనవలెను.

నేనీ విషయమును శ్రద్ధతో జదువుటకు గారణము మా యింట జరిగిన యొక యపాయము. మా యన్నగారి కుమారుడు, ఉద్యోగమున జేరిన రెండవయేట, ఒకరు వాడి యమ్మిన చిన్న కారొకటి కొనెను. చూచుటకు చిన్నదే గాని యింజను చుఱుకైనది. మలుపులలో చక్కగా తిరుగునది. అట్టిదానిని వాడు "స్పోర్ట్సు కారు" అని పిలుచుచుండెను, మేము కాదనలేదు. అయితే దాని టైర్లు సన్నముగా నున్నవని వానికి మనస్తాపము. ఒక యంగడివాడు వెడల్పైన టైర్లను, వాడినవే, కొంచెము తక్కువ వెలకు దెచ్చి, పెద్ద రిమ్ములతో సహా బిగించెను. బండి వీధిలో నిలిచినపుడు సింహము పాదములు చాచి కూర్చున్నట్లుండెననుట నిజము. నేనును మెచ్చుకొంటిని. ఆ తప్పులో నాకును పాలు గలదు.

రెండేండ్ల క్రిందట శ్రావణ మాసమున వాడు తల్లిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని గుంటూరునుండి విజయవాడకు బోవుచుండెను. వాన వెలిసి బాటపై నీరు నిలిచియున్నది. వేగము గంటకు 90 కిలోమీటర్లు మించలేదని వాడు చెప్పెను, నేను నమ్మితిని. మంగళగిరి దాటిన పిమ్మట ఉన్నట్లుండి స్టీరింగు చేతికి దేలికయై, పట్టులేని దూదివలె నాయెనట. వాడు బ్రేకు నొక్కెను. బండి యొక చుట్టు తిరిగి నడిమి గోడకు గొట్టుకొనెను. దైవవశమున వెనుక నే లారీయు రాలేదు. మా వదినగారి ముంజేయి విఱిగెను. ఆమె నెలన్నర కట్టుతో నుండెను గాని, కుమారుని నొక్క మాటయు ననలేదు. అదియే వానికి మిక్కిలి బాధ కలిగించినది.

బండి బాగుపడి వచ్చిన తరువాత నేనును వాడును మా యింటి యరుగుపై నా టైర్లను దొరలించుకొని, వాని ప్రక్కగోడలపై నున్న యంకెల నొక్కొక్కటిగా జదివితిమి. అక్కడ వ్రాసియుండని దేదియు మాకు దరువాత దెలియలేదు. అన్నియు మొదటినుండి కన్నులయెదుటనే యున్నవి.

ఆ బండికి దాని కర్మాగారమువారు మొదట దొడిగిన టైరు కొలత 185/60 ఆర్ 15, దాని ప్రక్కనే 84 హెచ్. ఇందు 185 అనునది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అనునది ప్రక్కగోడ యెత్తు. అయితే అది మిల్లీమీటర్లు గాదు, వెడల్పులో నూటికి 60 పాళ్లని యర్థము. ఈ చోటనే పలువురు పొరబడుదురు. 15 రిమ్ము యడ్డుకొలత, అంగుళములలో. ఒకే వరుసలో నొకటి మిల్లీమీటరు, ఒకటి పాలు, ఒకటి అంగుళము! ఇంత వింతయైన వ్రాత మఱే వస్తువుపైనను నేను చూడలేదు. 84 అను నంకె టైరు మోయగల బరువునకు గుఱుతు; పట్టికలో దానికి 500 కిలోలు. హెచ్ అను నక్షరము వేగమునకు గుఱుతు: టి యైన గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ యైన 210, వి యైన 240, డబ్ల్యు యైన 270. మన బాటలపై నంత వేగమున బోవలెనని దీని భావము కాదు. వేగమువలన బుట్టు కాకను టైరెంతవఱకు దాళగలదో చెప్పునది మాత్రమే. బండితో వచ్చినదానికంటె దక్కువ బరువు గుఱుతును గాని, తక్కువ వేగపు గుఱుతును గాని యెన్నడును కొనరాదు.

ఆర్ అను నక్షరమునకు గొంత చరిత్ర గలదు. గాలి టైరునకు మొదట 1845 లో రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు పేటెంటు పొందెను గాని యది వాడుకకు రాలేదు. 1888 లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపులేక పోవుటకై గాలి గొట్టమును దొడిగెను. లోక మంతయు నాతని పేరే యెఱుగును. తరువాత నఱువది యేండ్లవఱకు టైరు లోపలి దారపు పొరలు ఒకదాని కొకటి యేటవాలుగా నడ్డముపడి యుండెడివి. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థవారు 1946 లో పేటెంటు పొంది, 1949 లో నమ్మకమునకు దెచ్చిన టైరులో ఆ దారములు ఒక యంచునుండి మఱియొక యంచునకు దిన్నగా బోవును. వానిపై నేలను దాకు భాగము క్రింద ఉక్కు తీగెల పట్టీ యుండును. అందుచే ప్రక్కగోడ మెత్తగా వంగును, నేలను దాకు భాగము మాత్రము చదునుగా నిలుచును. మలుపులో బండి వాలినను టైరు పాదము నేలను విడువదు. ఇదియే రేడియల్ టైరు. నేడు కార్లకు వేఱొకటి లేదనవచ్చును. మన తెలుగు సీమలో సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి కర్మాగారమును, తిరుపతికి దూరముకాని చినపాండూరులో 2020 లో బని ప్రారంభించిన అపోలో వారి కర్మాగారమును గలవు. ఆ ప్రాంతపు విద్యార్థులకు బంధువులెవరైన నందు పనిచేయుచున్నచో, ఈ పొరలనెట్లు చుట్టుదురో యడిగి తెలిసికొనవచ్చును.

ఇక లెక్కకు వత్తము. 185 లో నూటికి 60 పాళ్లు 111 మిల్లీమీటర్లు. పైన నొక గోడ, క్రింద నొక గోడ, వెరసి 222. పదునైదు అంగుళములు 381 మిల్లీమీటర్లు. మొత్తము టైరు యడ్డుకొలత 603 మిల్లీమీటర్లు. మావాడు తొడిగించినది 215/45 ఆర్ 17. దాని లెక్క: 215 లో 45 పాళ్లు 96.75, రెండు గోడలు 193.5, రిమ్ము 431.8, మొత్తము 625.3. అనగా మొదటిదానికంటె నూటికి 3.7 పాళ్లు పెద్దది. వేగమును జూపు ముల్లు చక్రము తిరుగు లెక్కనుబట్టి చూపును గాని బాటను గొలువదు. కావున టైరు పెద్దదైనచో నది 100 చూపునపుడు, పూర్వముకంటె నూటికి 3.7 పాళ్లు హెచ్చుగా బండి పోవుచుండును. తాను 90 దాటలేదని మావాడు ప్రమాణము చేసినను, ఆ ముల్లుమాటను నమ్మి చేసినదే యగుటచే, నిజమునకు 93 యుండవచ్చును. ఇదిగాక ముందు చక్రములు పూర్తిగా ద్రిప్పినపుడు టైరు మడ్గార్డునకు రాచుకొని లోపలి యంచున గీతలు పడియున్నవి. అదియు మేము మునుపు చూడలేదు.

"వెడల్పైన టైరు నేలను హెచ్చుగా పట్టుకొనదా, బాబాయీ?" అని వాడడిగెను. ఈ ప్రశ్నకు దిన్నగా ఔననియు కాదనియు జెప్పరాదు. పైన జేసిన లెక్క మరల జూడుడు. నేలను దాకు చోటు ముఖ్యముగా బరువునుబట్టియు, గాలి యొత్తిడినిబట్టియు నేర్పడును గాని వెడల్పునుబట్టి కాదు. టైరు వెడల్పైనచో ఆ చోటు విస్తీర్ణమంతగా మాఱదు. దాని యాకారము మాఱును. సన్నని టైరు పాదము నిలువున బొడవుగా నుండును. వెడల్పు టైరు పాదము అడ్డముగా వెడల్పై, నిలువున కుఱుచయగును. అడ్డముగా వెడల్పైన పాదము పొడి బాటపై మలుపులలో బలముగా నిలుచును. స్టీరింగు త్రిప్పినంతనే బండి మాట వినును. పందెపు బండ్లకు వెడల్పు టైర్లు తొడుగుట యందువలననే. కాని తడి బాటపై నదే పాదము కీడునకు గారణమగును.

ఎట్లన: బాటపై మూడు మిల్లీమీటర్ల లోతున నీరున్నదనుకొనుడు. గంటకు 90 కిలోమీటర్లనగా సెకనునకు 25 మీటర్లు. 185 మిల్లీమీటర్ల టైరు తన దారిలో సెకనునకు సుమారు 14 లీటర్ల నీటిని ప్రక్కకు ద్రోయవలెను. 215 మిల్లీమీటర్ల టైరు 16 లీటర్లు ద్రోయవలెను. పాదము కుఱుచయగుటచే దానికి గల వ్యవధి యింకను దక్కువ. ఒక పెద్ద బిందెడు నీటిని ప్రతి సెకనునను ఒక్కొక్క ముందు చక్రము ఖాళీ చేయవలెనన్న మాట! ఆ నీరు పోవుటకే టైరుపై గాడులున్నవి, అందముకొఱకు గాదు. క్రొత్త టైరులో నవి సుమారు 8 మిల్లీమీటర్ల లోతుండును. గాడులు చాలక నీరు పోలేకపోయినచో నది టైరు క్రింద జొచ్చి బండిని నేలనుండి యెత్తివేయును. అప్పుడు స్టీరింగునకును నేలకును సంబంధముండదు. దూదివలె నాయెనని మావాడు చెప్పినదిదియే.

గాలి యొత్తిడి కూడ నిందు పెద్ద పాత్ర వహించును. 1960 ల దశాబ్దమున అమెరికా దేశపు నాసా సంస్థవారు విమానముల టైర్లపై పరిశోధించి, నిలిచిన నీటిపై టైరు తేలుటకు మొదలిడు వేగము గాలి యొత్తిడి యొక్క వర్గమూలమునుబట్టి యుండునని కనుగొనిరి. చదరపు అంగుళమునకు గల పౌండ్ల వర్గమూలమును తొమ్మిదిచే గుణించిన ఆ వేగము నాట్లలో వచ్చును. నాటు అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. పై తరగతి విద్యార్థులు స్వయముగా జేసి చూడవచ్చును: 32 పౌండ్లకు సుమారు 94 కిలోమీటర్లు, 24 పౌండ్లకు సుమారు 82. కార్ల విషయమున గాడుల లోతునుబట్టియు, బరువునుబట్టియు, పాదము ఆకారమునుబట్టియు నీ యంకె కొంత మాఱును. గాడులరిగి నీరు లోతుగా నున్నచో దీనికి దగ్గఱగా నుండును. మావాడు టైర్లలో 24 పౌండ్ల గాలి మాత్రమే యుంచెనని యప్పుడు బయటపడినది! పందెములలో నట్లు చేయుదురని యెవరో చెప్పిరట. పందెపు బాటపై టైరు కాగి లోపలి గాలి యొత్తిడి తానే పెరుగునని, అందుకే చల్లగా నున్నపుడు తగ్గించి పట్టింతురని, ఆ చెప్పినవారు చెప్పలేదు. గృహస్థుల బండికి తలుపు ప్రక్క నంటించిన చీటీలో నున్న యంకెయే ప్రమాణము; అదియు నుదయమున, బండి కదలకముందు, టైరు చల్లగా నున్నపుడు కొలిచినదే లెక్క.

రబ్బరు స్వభావమును గూర్చి కూడ కొంత చెప్పవలసియున్నది. స్వచ్ఛమైన రబ్బరు నలుపు కాదు. మసివంటి కర్బనపు పొడి కలుపుటచే నలుపెక్కుటయే గాక, అరుగుదలకు మిక్కిలి యోర్చును. 1990 తరువాత సిలికా కూడ విరివిగా గలుపుచున్నారు. దానివలన తడి బాటపై పట్టు హెచ్చును, ఇంధనమును గొంత యాదా యగును. మెత్తని రబ్బరు బాట గఱకుదనములో నిమిడి బాగుగా బట్టుకొనును గాని త్వరగా నరుగును. గట్టిది చిరకాలముండును గాని జాఱును. అమెరికా దేశమున నమ్ము టైర్లపై "ట్రెడ్‌వేర్" అని యొక యంకె యుండును. మన యంగళ్లలో దొరకు పెక్కు టైర్లపైనను గనబడును. 100 మూల ప్రమాణము. 400 అన్న టైరు దానికి నాలుగింతలు మన్నునని యర్థము. అయితే ఆ యంకె నిర్ణయించువారు తయారుచేసినవారే గనుక, ఒక సంస్థ 300 ను మఱియొక సంస్థ 300 తో సరిపోల్చుట యంత క్షేమము గాదు. దాని ప్రక్కనే ఏ ఏ, ఏ, బి, సి అని పట్టునకు గుఱుతులుండును. అవి తడి బాటపై దిన్నగా బోవుచు బ్రేకు వేసినప్పటి పట్టునకే గాని మలుపులలోని పట్టునకు గావు. స్పోర్ట్సు కారువారు దీనిని గమనింపరు.

వేసవి టైర్లు, అన్ని ఋతువుల టైర్లు, మంచు టైర్లు అని చలి దేశములవారు మూడు విధములుగా విభజింతురు. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల చలికి దిగినచో గట్టిపడి పట్టు విడుచును. మనకు మాఘమాసపు వేకువలోను సాధారణముగా నంత చలి లేదు గనుక, ఆ చింత మనకు బట్టదు. లోతైన గాడులు గల మేలైన వేసవి టైరే మన సీమ స్పోర్ట్సు కారునకు దగినది. అయితే పందెపు బాటకై చేసిన, గాడులు నామమాత్రముగా నున్న టైర్లు కొన్ని గలవు. అవి పొడి బాటపై జిగురువలె నంటును. శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటపై వానికి బని గలదు. శ్రావణ మాసమున మంగళగిరి బాటపై లేదు.

మిక్కిలి పట్టు గల టైరే మిక్కిలి మంచిదనుటయు సత్యము గాదు. జపాను దేశపు టొయోటా సంస్థవారు, సుబారు వారితో గూడి, 2012 లో "86" అను స్పోర్ట్సు కారును బయటికి దెచ్చిరి. సుమారు 200 అశ్వశక్తి. వెనుక చక్రములు నడుచునది. పెక్కు దేశములలో దానికి 215/45 ఆర్ 17 కొలతగల మిషెలిన్ ప్రైమసీ హెచ్.పి. టైర్లు తొడిగిరి. అది పందెపు టైరు గాదు. ప్రియస్ అను, ఇంధనము పొదుపుచేయు శాంతమైన బండికి సయితము కొన్ని చోట్ల దొడిగిన రకమది! చూచినవారు మొదట నవ్విరి. కాని దాని ప్రధాన ఇంజనీరు టెట్సుయా టాడా ఉద్దేశము వేఱు. టైరు పట్టు మితముగా నున్నచో బండి తక్కువ వేగముననే తన పరిమితిని దెలుపును. జాఱుటయు మెల్లగా, ముందుగా జెప్పి జాఱును. నడుపువాడు దిద్దుకొనుటకు వ్యవధి గలుగును. పట్టు హెచ్చైన టైరు చాలసేపు పట్టుకొని, విడిచినపుడు పెద్ద వేగమున, ఒక్కసారిగా విడుచును. పాఠశాలలో దఱచు గొంచెముగా మందలించు నుపాధ్యాయునకును, నెలలకొలది యూరకుండి యొకనాడు మండిపడు నుపాధ్యాయునకును గల భేదమువంటిది. నేనీ రెండింటిలో నెవ్వడనో మా విద్యార్థులే చెప్పవలెను.

టైరు వయస్సును గూర్చి చెప్పక విడువరాదు. ప్రక్కగోడపై డి.ఓ.టి. అని మొదలిడు వరుస చివర నాలుగంకెలుండును. 2000 సంవత్సరమునుండి మొదటి రెండును వారము, తక్కిన రెండును సంవత్సరము. 2319 అని యున్నచో 2019 సంవత్సరపు 23 వ వారమున బుట్టినదని యర్థము. వాడకపోయినను ఎండకును గాలికిని రబ్బరు బిఱుసెక్కి సన్నని పగుళ్లు వేయును. మావాడు కొన్న నాలుగు టైర్లకు వయస్సు ఎనిమిదేండ్లు! గాడులలో నచ్చటచ్చట అడ్డముగా నున్న చిన్న గట్లు 1.6 మిల్లీమీటర్ల యెత్తు గలవి. టైరు పై భాగమరిగి వానితో సమమైనచో నది చచ్చిన టైరే. ఆ నాలుగింటిలో రెండు సమమగుటకు వెండ్రుకవాసి దూరములో నున్నవి. ఆ రెండే వెనుక చక్రములకు బిగించియుండిరి. ముందు చక్రములు జాఱినచో బండి తిన్నగా బోవును, వేగము తగ్గింపగా దారికి వచ్చును. వెనుకవి జాఱినచో బండి గిఱ్ఱున దిరుగును. కావుననే రెండు టైర్లు మాత్రమే క్రొత్తవి కొన్నచో, ముందు చక్రములు నడుచు బండికైనను, వెనుకకే వేయవలెను. దీనిని నమ్మించుట మాత్రము మిక్కిలి కష్టము.

పెద్ద రిమ్ముల వ్యామోహము గలవారి తలిదండ్రులకు నొక మాట. గోడ యెత్తు తగ్గినకొలది గోతిలో బడినపుడు దెబ్బ రిమ్మునకే తగులును. మా యన్నగారి బజారులోని యొక్క గోతివలననే ఒక రిమ్ము వంగెను. దాని వెలతో మంచి చిన్న టైర్లు రెండు వచ్చియుండెడివి.

మావాడు పాత పదునైదు అంగుళముల రిమ్ములనే మరల బిగించి, టైర్లకై నాతో గూడ బజారునకు వచ్చెను. వాడెన్నుకొన్నది 195/55 ఆర్ 15, 85 వి. దారిలోనే లెక్క వేసి చూపెను: 195 లో 55 పాళ్లు 107.25, మొత్తము 595.5, మొదటిదానికంటె నూటికి ఒకటింపావు పాలు చిన్నది, కావున ముల్లు 100 చూపునపుడు బండి పోవునది 99 లోపే. బరువు గుఱుతు 515 కిలోలు, వేగపు గుఱుతు వి. రెండును పూర్వముకంటె హెచ్చే. ఆ రిమ్మునకు నా వెడల్పు చెల్లునని బండి పుస్తకమున జూచియుంచెను. అంగడివాడు నాలుగు టైర్లను దెచ్చి వరుసగా నిలిపెను. వాడు మోకాళ్లపై గూర్చుండి, ఒక్కొక్కదాని ప్రక్కగోడను గుడ్డతో దుడిచి, చివరి నాలుగంకెలను జదివి, మూడింటి నుంచి, నాలుగవదానిని వెనుకకు దొరలించెను. "ఇది మూడేండ్ల నాటిది. దీని తోడివేవో అవి తెండు" అనెను. అంగడివాడు నావైపు జూచెను. నేను గోడమీది పంచాంగమును జూచుచుంటిని.